దుబాసి యంత్రము – మాడ్యూళ్ల దిగుమతి

సొంతముగా ఒక ప్రోగ్రామింగ్ భాషను కల్పించుకొన్నచో, అందలి వాక్యములను చదివి, భావము గ్రహించి, అమలు జరుపుటకు ఒక దుబాసి కావలెను. ఆ దుబాసియే ఇంటర్‌ప్రెటరు.

ప్రోగ్రాము పెరిగినకొలది దానిని మాడ్యూళ్లుగా, అనగా వేర్వేరు ఫైళ్లుగా, విభజింపక తప్పదు. ఇది క్రొత్త ఆలోచన కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో 1949 మే 6న పని ప్రారంభించిన ఎడ్‌శాక్ యంత్రమునకై, తరచుగా అవసరమగు గణనలను చిల్లుల కాగితపు టేపులపై ఒక గ్రంథాలయముగా భద్రపరచిరి. కావలసిన టేపునకు నకలు తీసి ప్రోగ్రాములో చేర్చుకొనెడివారు. నేడు మనము ‘ఇంపోర్ట్’ అను ఒక్క మాటతో ఆ భారమును ఇంటర్‌ప్రెటరుపై ఉంచుచున్నాము.

ఆ మాట కనబడగానే ఇంటర్‌ప్రెటరు మొదట ఫైలును వెదకవలెను. ఏయే చోట్ల, ఏ వరుసలో వెదకవలెనో ముందే నిర్ణయింపవలెను. పిమ్మట దానిని చదివి, దాని పేర్లకు ప్రత్యేకముగా ఒక పట్టికను ఏర్పరచి, అందులో నడుపవలెను. ఇంటిపేరు వేరైనచో ఇద్దరు రామారావులున్నను తికమక కలుగదు గదా! మాడ్యూళ్ల విషయమును అట్టిదే.

ఇక అసలు చిక్కు. రసీదు సంఖ్యలనిచ్చు మాడ్యూలును రెండు ఫైళ్లు కోరినవనుకొందము. ఇంటర్‌ప్రెటరు దానిని రెండుసార్లు నడిపినచో రెండు లెక్కలు ఏర్పడి, ఇద్దరు ఖాతాదారులకు ఒకే సంఖ్య ముట్టును. యంత్రము ఆగదు, తప్పు చెప్పదు. కనుక తెచ్చిన ప్రతి మాడ్యూలును పూర్తి చిరునామాతో ఒక చిట్టాలో వ్రాసికొని, మరల అడిగినప్పుడు అందుండియే ఇయ్యవలెను.

ఆ వ్రాత ఎప్పుడు? నడుపుటకు ముందే. మొదటి మాడ్యూలు రెండవదానిని, రెండవది తిరిగి మొదటిదానిని కోరినచో, చిట్టాలో పేరు లేనిదే ఆ తిరుగుడు ఆగదు. 1991లో వెలువడిన పైథాన్ భాష నేడు అనుసరించు పద్ధతి ఇదియే. అయితే అప్పుడు దొరకునది సగము సిద్ధమైన మాడ్యూలు. ఇంకను నిర్వచింపని పేరును అడిగినచో దోషము కలుగును. ఉభయులకు కావలసిన పేర్లను మూడవ మాడ్యూలునకు మార్చుట దీనికి మందు. నడుచుచుండగా మాడ్యూలు విఫలమైనచో దాని పేరును చిట్టానుండి కొట్టివేయవలెను. లేనిచో సగము పని పూర్తిపనిగా చెలామణి యగును.

సొంత భాష నిర్మించు యువకులు ఒకదానినొకటి కోరు రెండు ఫైళ్లను, మధ్యలో విఫలమగు ఒక ఫైలును వ్రాసి, తమ ఇంటర్‌ప్రెటరును తప్పక పరీక్షింతురుగాక!