పాత జీపుకు ఆదివారం వైద్యం: ముందు బ్రేకు, తర్వాతే సోకు

పాడేరు, (మా విలేఖరి): ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. మన్యంలోని ఒక గ్రామ శివారున చింతచెట్టు నీడలో పాత మహీంద్రా జీపు ఒకటి కర్ర దుంగల మీద నిలబడి ఉంది. చక్రాలు నాలుగూ ఊడదీసి పక్కన దొర్లించారు. బండి కింద వెల్లకిలా పడుకున్న యజమాని చేతిలో గ్రీజు గన్ను, మొహం నిండా మడ్డి. పక్కన కుర్రాడు పాత చొక్కా ముక్కతో బ్రేకు డ్రమ్ములు తుడుస్తున్నాడు. వారమంతా జనాన్నీ, సామానునూ మోసిన బండికి ఇది వైద్యం రోజు.

మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపుల విడి భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది 1947లో. 1985లో డీజిల్ ఇంజనుతో ఎంఎం 540 వచ్చింది. ఆ తర్వాత పొడుగాటి కమాండరు జీపు కొండ దారులన్నిటా కనిపించింది. ఈ బండ్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైనా మన్యంలో ఇంకా కొన్ని తిరుగుతూనే ఉన్నాయి. అంబులెన్సు రాలేని పల్లె నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చాక, రోడ్డు మీద మొదట దొరికేది చాలాచోట్ల జీపే. అందుకే దాని బాగోగులు ఒక్క యజమాని సొంత వ్యవహారం కాదు.

సోకు తెచ్చిన ముప్పు

ఈ యజమాని తన పేరు పత్రికలో వేయవద్దని కోరారు. రెండేళ్ల కిందట వానాకాలంలో జరిగిన సంగతి మాత్రం దాచకుండా చెప్పారు. ఆ నెలలోనే బండికి వెడల్పాటి టైర్లు వేయించి, పైన నాలుగు లైట్లు పెట్టించారట. జ్వరంతో ఒళ్లు తెలియని పిల్లవాణ్ణీ, తల్లినీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు దిగుతుండగా బ్రేకు పెడలు ఒక్కసారిగా నేలకు ఆనిపోయింది.

"రెండో గేరు నుంచి ఒకటో గేరుకు లాగేశాను. హ్యాండు బ్రేకు పట్టి, బండిని కొండ వైపు గట్టుకు రాసుకుంటూ పోయాను. ఓ యాభై గజాలు పోయి ఆగింది. లోయ వైపు తిప్పి ఉంటే ఈ రోజు మీతో మాట్లాడేవాణ్ణి కాదు బాబూ" అన్నారు ఆయన.

మేస్త్రీ వచ్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. కొత్త టైరు వెడల్పు ఎక్కువ. మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా అది ముందు చక్రం బ్రేకు రబ్బరు గొట్టాన్ని ఒరుసుకుంటూ వచ్చింది. గొట్టం చిరిగి ఆయిలంతా కారిపోయింది. మరీ పాత జీపుల్లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిలు వెళ్లే దారి ఒక్కటే. ఒకచోట కారితే నాలుగూ పోతాయి. బండి అందం కోసం చేసిన మార్పే బ్రేకును తినేసిందన్న మాట. పిల్లవాణ్ణి మరో బండిలో ఎక్కించారు, బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత ఈ జీపుకు ఆదివారం వైద్యం ఒక్కసారి కూడా తప్పలేదు.

వారం వారం చూడవలసినవి

ముందుగా బండిని చదునైన చోట నిలిపి, కదలకుండా చక్రాలకు అడ్డం పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. రాళ్లు పగిలే ప్రమాదం ఉంది కనుక గట్టి కర్ర దుంగలే మేలు.

బ్రేకు ఆయిలు మట్టం తగ్గితే పోసి ఊరుకోకూడదు, ఎక్కడ కారుతున్నదో వెతకాలి. ప్రతి చక్రం లోపలి వైపు తడి ఉందేమో చూడాలి. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించి, టైరుకూ గొట్టానికీ మధ్య చెయ్యి దూరేంత జాగా ఉందో లేదో చూడాలి. బ్రేకు ఆయిలు దొరకలేదని ఇంజనాయిలు పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. మంచి ఆయిలైనా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు ఘాట్‌లో వేడెక్కి మరిగితే పెడలు మెత్తబడిపోతుంది. అందుచేత రెండేళ్లకొకసారి అంతా మార్చడం మంచిది.

తర్వాత గ్రీజు. స్టీరింగు కీళ్లకూ, కమాను కట్టల చివరలకూ, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకూ పాత మడ్డి బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టాలి. కమాను పట్టీల్లో చీలిక ఉందేమో, యూ బోల్టులు వదులయ్యాయేమో తట్టి చూడాలి.

ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి ఎయిర్ క్లీనరు ఊపిరితిత్తి వంటిది. పాత జీపుల్లో అది ఆయిలు గిన్నెతో ఉంటుంది. గిన్నె అడుగున మట్టి పేరుకుంటే కడిగి, గీత వరకు కొత్త ఆయిలు పోయాలి. ఆ పని మానేస్తే దుమ్ము ఇంజనులోకి పోయి పిస్టన్లను అరగదీస్తుంది. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటినీ వదలాలి.

వాగు దాటిన వారం మరొక పని ఉంది. గేరు బాక్సు, హౌసింగుల ఆయిలు చూడాలి. అది పాల రంగులోకి మారితే లోపలికి నీరు చేరినట్టే. ఆలస్యం చేయకుండా మార్చకపోతే బేరింగులు తుప్పు పడతాయి.

నడిపే తీరులోనూ ఉంది

ఘాట్ ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడి డ్రమ్ములు కాలిపోతాయి. నాలుగు చక్రాల గేరు ఉన్న బండి అయితే దాన్ని బురదలో, ఇసుకలో మాత్రమే వాడాలి. తారు రోడ్డు మీద అలాగే ఉంచి నడిపితే టైర్లు, పళ్లచక్రాలు అరిగిపోతాయి.

మార్పులు చేయించేవారికి

పెద్ద టైరు వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. స్పీడు ముల్లు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. పైన నాలుగు లైట్లు పెట్టేకంటే ఉన్న హెడ్‌లైట్లకు మంచి వైరు, రిలే వేయిస్తే వెలుగు పెరుగుతుంది, ఎదుటివారి కళ్లకూ హాయి. ఇంజను మార్చినవారు కొత్త నంబరును రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం పుస్తకంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సొంత బండికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషనును ఐదేళ్లకొకసారి కొత్త చేయించుకోవాలి. సొంత బండిలో కిరాయికి జనాన్ని ఎక్కించి ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకు చిక్కు వస్తుందన్న సంగతి కూడా మరువరాదు.

సంతలు జరిగే చోట్ల నెలకొకసారి జీపుల బ్రేకులు ఉచితంగా పరీక్షించే శిబిరం పెట్టి, డ్రైవర్లకు ఈ పనులు నేర్పాలని జీపు యజమానులు అధికారులను కోరుతున్నారు.

మధ్యాహ్నానికి చక్రాలు ఎక్కాయి. కొడుకు పెడలు తొక్కి పట్టుకుంటే తండ్రి నాలుగు గొట్టాలూ తడిమి చూశారు. పైన లైట్లు పెట్టిన చోట ఇప్పుడు ఖాళీ చట్రం మాత్రమే ఉంది. "అవి అమ్మి కొత్త గొట్టాలు, బ్రేకు లైనింగులు వేయించాను. ఎక్కేవాళ్లు లైట్లు చూసి ఎక్కరండి, ఇల్లు చేరతామని ఎక్కుతారు" అన్నారాయన చేతులు కడుక్కుంటూ.