బద్దెపురుగుల క్రోమోజోములు - రైతులకు వాని ప్రయోజనము

గొఱ్ఱెను కోసినప్పుడు కార్జములోను, ఊపిరితిత్తులలోను నీరు నిండిన తెల్లని తిత్తులు కనబడుట మీరెరిగినదే. పనికిరావని వానిని కుక్కలకు విసరివేయుదురు. అపాయమంతయు అచ్చటనే యున్నది. ఒక్క తిత్తిలో వేలకొలది పురుగుల తలలుండవచ్చును. అవి కుక్క ప్రేగులలో ఎకినోకాకస్ అను బద్దెపురుగులుగా పెరుగును. పెరిగిన పురుగు పొడవు 2 నుండి 7 మిల్లీమీటర్లే. దాని గ్రుడ్లు కుక్క మలముతో పచ్చికపై పడి మరల గొఱ్ఱెలకు చేరును. చేతులకంటి మన బిడ్డల కడుపులోనికిని పోవును. అప్పుడు మనుష్యుని కార్జములోను అట్టి తిత్తులే పుట్టును.

ఇట్టి పురుగుల జాతులను రూపమును బట్టి గుర్తించుట కష్టము. అందుకు క్రోమోజోములు తోడ్పడును. ఇవి కణ కేంద్రకములోని దారముల వంటివి. వంశ లక్షణములు వీని ద్వారా సంక్రమించును. ఆవునకు ఇవి 60, గొఱ్ఱెకు 54, ఎకినోకాకస్‌కు 18, అనగా 9 జతలు. బంగారుతీగ చేపకు పట్టు ఒక బద్దెపురుగులో జతలకు మారుగా మూడేసి చొప్పున 24 ఉన్నవి. అది ఫలదీకరణము లేకయే గ్రుడ్లు పెట్టి పెరుగును. కావున ఒక్క పురుగు చేరినను చెరువునకు ముప్పే.

వీనిని చూచుటెట్లు? సజీవమైన పురుగు ముక్కలను కాల్చిసిన్ ద్రవములో నుంచెదరు. మన కంచెలపై ప్రాకు అడవినాభిలోని విషమిదియే. ఇది కణ విభజనను నడుమ నిలిపివేయును. పిదప మిక్కిలి పలుచని ఉప్పు ద్రవములో కణములుబ్బి క్రోమోజోములు విడివడును. ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లములతో వానిని స్థిరపరచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో లెక్కింతురు.

2013లో ఎకినోకాకస్‌తో సహా నాలుగు బద్దెపురుగుల జన్యు సమాచారమంతయు ప్రకటింపబడినది. క్రొవ్వు ఆమ్లములను స్వయముగా తయారుచేసికొను శక్తి వీనికి లేదనియు, వానికై ఆతిథ్యమిచ్చిన జీవిపైననే ఆధారపడుననియు తేలినది. క్రొత్త మందులు వెదకుటకు ఇట్టి బలహీనతలే దారి.

అంతవరకు మన చేతిలోని పనులు మనము చేయవలెను. తిత్తులున్న కార్జమును కుక్కలకు వేయక, కాల్చివేయుడు లేదా అవి త్రవ్వలేనంత లోతున పూడ్చుడు. పెంపుడు కుక్కలకు పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ మందు ఇప్పించుడు. కుక్కను తాకిన పిమ్మట చేతులు, వండుటకు ముందు ఆకుకూరలు బాగుగా కడుగుడు. పంచాయతీవారు మాంసము కోయు చోటికి కుక్కలు రాకుండ కంచె వేయించవలెను. కుక్కకు తిత్తి దొరకనిచో ఈ పురుగు సంతతి అచ్చటితో తెగిపోవును.