పది రాగాలు, ఒక వెండిరంగు డబ్బా

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయాక ఇంటికి వెళ్తూ తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కా. కిటికీ పక్కన సీటు దొరకగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా. భట్టిప్రోలు వచ్చేదాకా ఒకటే ఆల్బమ్ విన్నా. దాని పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. చేసింది చరణ్‌జిత్ సింగ్. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు, కీబోర్డు వాయించిన మనిషి. 1982లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా విడుదల చేసింది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

దీని గురించి నేను ఇదివరకే మన క్లబ్ మీటింగ్‌లో గొప్పగా చెప్పా. "యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ 1987లో చికాగోలో పుట్టిందంటారు కదా, తప్పు. అయిదేళ్ళ ముందే బొంబాయిలో పుట్టింది" అన్నా. చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోంచి ఒక సీనియర్ అక్క మాత్రం "చికాగో వాళ్ళు ఈ రికార్డు విన్నారా మరి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న రైల్లో కూడా నా పక్కనే కూర్చుంది. ఈ వ్యాసం ఆ అక్కకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు డబ్బా సంగతి చెప్తా. జపాన్‌కి చెందిన రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అని ఒక చిన్న వెండిరంగు యంత్రం తెచ్చింది. ఒంటరిగా గిటారు ప్రాక్టీస్ చేసుకునేవాళ్ళకి పక్కన బేస్ వాయించి పెట్టడం దాని పని. కానీ అసలు బేస్ గిటారులా అస్సలు వినపడేది కాదు. దాదాపు పదివేలు తయారుచేసి, 1984లో ఆపేశారు.

లోపల ఉన్నది మన సీఎస్ఈ వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. పదహారు గడుల అర్రే అనుకోండి. ఒక్కో గడిలో ఏ స్వరం మోగాలి, గట్టిగా నొక్కి పలకాలా, తర్వాతి స్వరంలోకి జారాలా అనేవి నింపుతాం. ప్లే నొక్కితే ఆ అర్రే లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. పైన కొన్ని నాబ్‌లు ఉంటాయి. ఒకటి ఫిల్టర్‌ది. దాన్ని మూస్తే శబ్దం నోరు మూసుకున్నట్టు బొంగురుగా, తెరిస్తే పదునుగా వస్తుంది. ఇంకోటి రెజొనెన్స్. అది పెంచితే ఆ ఫిల్టర్ అంచు దగ్గర శబ్దం కీచుమంటుంది. నీళ్ళల్లోంచి ఎవరో మాట్లాడినట్టుండే 'యాసిడ్' శబ్దం అంటే ఇదే.

చరణ్‌జిత్ సింగ్ దగ్గర మూడు రోలాండ్ యంత్రాలున్నాయి. టీఆర్-808 డ్రమ్స్ కోసం, టీబీ-303 కింద తిరిగే బేస్ కోసం, జూపిటర్-8 పైన రాగం వాయించడానికి. అప్పటికి హిందీ సినిమాల్లో డిస్కో ఊపు మీదుంది. 'ఖుర్బానీ' వచ్చి రెండేళ్ళయింది. ఆయన ఆలోచన చాలా సింపుల్: తబలా తీసేసి, డిస్కో బీట్ పెట్టి, రాగాలు వాయిద్దాం. అంతే. కొత్త సంగీతం కనిపెడదామని కూర్చోలేదు.

మరి చికాగో? అక్కడ ఫ్యూచర్ అనే బృందం కుర్రాళ్ళు పాతబడిన 303 ఒకటి చవగ్గా సంపాదించి, ఆ నాబ్‌లు తిప్పుతూ పోతే ఏమవుతుందో చూశారు. 'యాసిడ్ ట్రాక్స్' అలా వచ్చింది. బొంబాయి రికార్డు వాళ్ళదాకా వెళ్ళిందనడానికి ఆధారం లేదు. ల్యాబ్‌లో ఇద్దరి ప్రోగ్రాములు ఒకేలా ఉంటే సార్ కాపీ అంటారు. కానీ ఇద్దరూ ఒకే లైబ్రరీ వాడితే, ఒకరినొకరు చూడకుండానే ఒకే అవుట్‌పుట్‌కి దగ్గరగా రావచ్చు కదా. ఇక్కడ జరిగింది అదే అనుకుంటున్నా. ఆ లైబ్రరీ పేరు టీబీ-303.

ఇక్కడికి నా జవాబు అయిపోయిందనుకున్నా. ఇంటికెళ్ళాక అమ్మమ్మ దాన్ని మళ్ళీ తెరిచింది.

అమ్మమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఇప్పుడు వేళ్ళు సహకరించవు గానీ చెవి మాత్రం పదును. సాయంత్రం వరండాలో చిక్కుళ్ళు ఈనెలు తీస్తుంటే, ఫోన్ స్పీకర్‌లో ఆల్బమ్ పెట్టా. తిడుతుందనుకున్నా. మాల్కౌన్స్ ట్రాక్ మొదలైన కాసేపటికి చెయ్యి ఆపింది.

"ఒరే నాన్నా, ఇది హిందోళం కదరా?"

"మాల్కౌన్స్ అని రాసుంది అమ్మమ్మా."

"వాళ్ళు అలా అంటారు. స్వరాలు అవే. మరి వెనకాల ఆ ధనాధనా ఏంటి, పిండిమర ఆడుతున్నట్టు?"

తర్వాత గంటసేపు ఇద్దరం అదే పని. భూపాలి పెడితే "మోహనం" అంది. కలావతికి "వలజి", బైరాగికి "రేవతి", యమన్‌కి "మన కల్యాణే". తోడి దగ్గర నేను పప్పులో కాలేశా. తోడి అంటే తోడే కదా అన్నా. కాదట. హిందుస్తానీ తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. మన తోడి స్వరాలేమో వాళ్ళ భైరవిలో ఉంటాయి. వేరియబుల్ పేరు చూసి వేల్యూ ఊహించకూడదు అన్నమాట!

అప్పుడు నాకు అర్థమైంది, ఆ యంత్రానికీ రాగానికీ ఎందుకు కుదిరిందో. పాశ్చాత్య పాటలో కార్డ్స్ మారుతుంటాయి, వాటితోపాటు బేస్ కూడా కదలాలి. రాగానికి ఆ అవసరం లేదు. షడ్జమం ఒకచోట కూర్చుంటుంది, పాట మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. కచేరీలో తంబూరా చేసే పని అదే. పదహారు గడుల లూప్ మారకుండా తిరగడం యంత్రానికి లోపం కావచ్చు, రాగానికి మాత్రం అది తంబూరా. ఇక 303లో ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారే ఏర్పాటు ఉందని చెప్పా కదా. అది విని అమ్మమ్మ "జారు అంటాం" అంది. గమకాల్లో ఒకదాని పేరే అది.

అన్నీ కుదిరాయని కాదు. "కంపితం లేదురా, స్వరం నిలువుగా కర్రలా ఉంది" అని కూడా అంది. నిజమే. జూపిటర్-8 మీద చేత్తో వాయించినా, కీ నొక్కితే స్వరం ఠక్కున దాని చోటికి వచ్చేస్తుంది. వీణ తీగ లాగినట్టు ఊగదు. ఒక్కో రాగానికి దాదాపు ఐదు నిమిషాలే. ఆలాపనకి తీరిక తక్కువ.

కానీ అసలు తేడా కూడా ఇక్కడే దొరికింది. చికాగో ట్రాక్‌లో 303యే హీరో, నాబ్ తిప్పడమే పాట. చరణ్‌జిత్ సింగ్ దగ్గర 303 పక్కవాద్యం, రాగం హీరో. డబ్బా ఒకటే, దానికి అప్పజెప్పిన పని వేరు. 'మొదటి యాసిడ్ హౌస్' అని నేను అతికించిన లేబుల్ ఆ ఆల్బమ్‌లో సగాన్ని దాచేసింది.

ఆ లేబుల్ చాలా తర్వాత వచ్చింది. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్త ఢిల్లీలో ఒక దుకాణంలో ఈ రికార్డు చూశాడు. 2010లో మళ్ళీ విడుదల చేశాడు. 1982లో ఇలాంటిది ఎలా సాధ్యం, ఎవరో ఇప్పుడు చేసి పాత తేదీ వేశారని కొందరు అనుమానించారు కూడా. ముసలితనంలో ఆయన యూరప్ వెళ్ళి ఈ రాగాలు వాయించాడు. 2015లో చనిపోయాడు.

మర్నాడు పొద్దున మా ఊరి స్తూపం దాకా నడిచి వెళ్ళా. 1892లో అలెగ్జాండర్ రీ అనే ఆయన ఇక్కడ తవ్విస్తే ధాతువులున్న రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద రెండు వేల ఏళ్ళు దాటిన బ్రాహ్మీ అక్షరాలున్నాయి. 'తెలుగు లిపికి పుట్టిల్లు మా ఊరు' అని చిన్నప్పటినుంచీ చెప్పుకుంటాం. నేను హాస్టల్లో కూడా చెప్పా. కానీ ఆ అక్షరాల్లో ఉన్న భాష ప్రాకృతం. చెక్కినవాళ్ళు తెలుగు లిపిని మొదలుపెడదామనుకోలేదు. దానం చేసినవాళ్ళ పేర్లు రాతి మీద నిలవాలనుకున్నారు, అంతే. మొదటిది అనే మాట తర్వాత వచ్చినవాళ్ళం మనం పెట్టుకునేది. గర్వపడొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే బరిణె మీద ఏం రాసుందో చదవం.

కాబట్టి అక్కా, వాళ్ళు విన్నట్టు ఆధారం లేదు. నువ్వడిగింది కరెక్టే. ఇప్పుడు నేనొకటి అడుగుతా, అందర్నీ. ఈ ఆల్బమ్ ఒకసారి పెట్టుకోండి, కానీ ఇయర్‌ఫోన్స్‌లో వద్దు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళ పక్కన పెట్టండి. మాల్కౌన్స్‌తో మొదలెట్టండి. వాళ్ళు చెయ్యి ఆపుతారేమో చూడండి.