చక్రక్రీడాయాత్ర - ముందు యోచన

విహారయాత్ర యనగానే పిల్లలకు బస్సు, చిరుతిండి జ్ఞప్తికి వచ్చును. తల్లిదండ్రులకు ఖర్చు, భయము జ్ఞప్తికి వచ్చును. ఆటలాడుటకై ఊరూరు తిరుగు యాత్ర యన్నచో, "ఇదేమి చదువు?" అని కొందరడుగుదురు. చక్కగా యోచించి నడపినచో అదియు చదువే యని తెలుపుటకే యీ వ్యాసము.

డిస్క్ గోల్ఫ్ అనునది అమెరికాలో పెంపొందిన ఆట. పళ్ళెము వంటి ప్లాస్టిక్ చక్రమును విసరి, దూరమున నున్న గొలుసుల బుట్టలో పడవేయవలెను. చక్రము పడిన చోటినుండియే మరల విసరవలెను. తక్కువ విసురులతో ముగించినవారే గెలిచినవారు. 1975లో ఎడ్ హెడ్రిక్ అను నాతడు కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానమున దీనికొక క్రీడాస్థలము నేర్పరచెను. నేడచ్చట పలువురు సెలవులలో కారు నెక్కి, ఒక క్రీడాస్థలమునుండి మరియొక దానికి పోవుచు ఆడుదురు. ఆదిలో బుట్టలు లేవు. చెట్లు, స్తంభములే గురులు. మనకును అవియే చాలును.

ఇక ప్రణాళిక. కొన్నియేండ్ల క్రిందట నేనొక యాత్రలో ఒకే దినమునకు ఐదు స్థలములు చేర్చితిని. పిల్లలు బస్సెక్కుటయు దిగుటయే గాని, ఏదియు నిలిచి చూడలేదు. రాత్రి పదిగంటలకు తిరిగి వచ్చునప్పటికి ఒక తల్లి పాఠశాల వాకిట ఒంటరిగా నిలిచియుండెను. ఆమె నన్నొక మాటయు అనలేదు. నాటినుండి స్థలములు తగ్గించి, కాలము పెంచుట నేర్చుకొంటిని.

జనవరి మాసము చల్లనిది. ఉదయము 7 గంటలకు తిరుత్తణిలో మొదటి ఆట. ఇరువదినలుగురు పిల్లలను నలుగురేసి ఆరు జట్లుగా విభజించి, తొమ్మిది గురులలో ఒక్కొక్క జట్టును ఒక్కొక్క గురినుండి ప్రారంభింపజేసినచో ఎవరును వేచియుండ నక్కరలేదు. 9 గంటలకు బయలుదేరినచో, సుమారు 40 కిలోమీటర్లలో నున్న తిరువళ్ళూరు తీరికగా చేరవచ్చును.

ఎండ ముదిరిన వేళ ఆట వలదు. అప్పుడు పూండి జలాశయమును చూచి, భోజనము చేయవలెను. కుశస్థలి యేటిపై 1944లో కట్టిన యీ జలాశయమునకు, 1983నాటి తెలుగుగంగ ఒప్పందము ఫలితముగా 1996లో కృష్ణాజలములు వచ్చి చేరినవి. తెలుగునాట పారిన నీరు మదరాసు దాహము తీర్చుట పిల్లలు కన్నులార చూడదగినది. నీటి చెంత మాత్రము చక్రము విసరరాదు.

సాయంకాలము 3½ గంటలకు తిరువళ్ళూరులో రెండవ ఆట. అచ్చటి తమిళ బాలురను, బాలికలను మన జట్లలో ఇద్దరేసి చేర్చుకొనవలెను. నలుగురిలో మాటలాడుటకు జంకు మన పిల్లలకు ఈ ఆట మేలు చేయును. ఒకరు తెలుగులోను, ఒకరు తమిళములోను లెక్కించినను, కాగితముపై వ్రాయు అంకెలొక్కటే.

మైదానముల యజమానుల అనుమతి వ్రాతమూలముగా ముందే పొందవలెను. ఎదుట మనుష్యులున్నప్పుడు విసరరాదు. బస్సెక్కిన ప్రతిసారియు పేరు పిలిచి లెక్క చూడవలెను. ఇద్దరికొక చక్రమైన చాలును, ఖర్చు తగ్గును. రుసుము చెల్లింపలేని బిడ్డ ఇంట మిగిలిపోవు యాత్ర మనకు వలదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డకు గల అస్వస్థతలను, మీ ఫోను సంఖ్యను మాకు వ్రాసి యిండు. 5 గంటలకు తిరుగు ప్రయాణము. 6½ గంటల పిదప పాఠశాల వాకిట ఏ తల్లియు ఎదురుచూడరాదు. ఈ యాత్రలో మా మొదటి గురి యదియే.