జెముడా, కాక్టసా?

రాబర్టు బ్రూస్ ఫుట్ దొరగారు 1884వ సంవత్సరమున పేర్కొనిన బెలుం గుహలను చూచి మరలివచ్చుచు, కొలిమిగుండ్ల చెంత సున్నపురాతి నేలపై నొక వింత మొక్కను గాంచితిమి. ఆకులు లేవు, కాండము కంబమువలె నిలిచి, పలకలుదేరి, ముండ్లు కలిగియున్నది. మాలో కొందరు దానిని అమెరికాదేశపు కాక్టస్ అనిరి. ఒక తుంటను తెచ్చి పరీక్షించితిమి.

మొదట ముండ్లను చూచితిమి. కాక్టస్ ముండ్లు నూగుగల చిన్న బుడిపెనుండి పుట్టును. ఈ తుంటయందు పలకల యంచున ముండ్లు రెండేసి జంటలుగా నున్నవి; నూగు లేదు. పిమ్మట కోసినచోటు చూచితిమి. కాక్టసును కోసినచో సాధారణముగ నీటివంటి రసమూరును. దీనినుండి తెల్లని పాలు కారినవి. పలకలు మూడు. కావున నిది కాక్టస్ కాదు. మన దేశమున సహజముగ పెరుగు బొంతజెముడు. ఆముదపు కుటుంబమునకు చెందినది. నాగజెముడు మాత్రము, పేరునకు జెముడైనను, అమెరికానుండి వచ్చిన నిజమైన కాక్టసే.

ఈ రెండు కుటుంబములును నీటి కరవునకు ఒకే యుపాయము పన్నినవి: ఆకులను విడిచి, కాండమున నీరు దాచుకొనుట. అందుచేతనే రూపములు కలిసినవి.

ఈ భేదము పేరుకొరకు మాత్రమే కాదు. జెముడుపాలు కంటబడినచో చూపునకే ప్రమాదము. బాలబాలికలారా, తుంటను కోయునపుడు మొగము దూరముగ నుంచుడు. పాలు కంటబడినచో నలుపక, మంచినీటితో చాలసేపు కడిగి, వెంటనే వైద్యునికడకు పోవలెను.