గరుడుడి నదికి శీతాకాలపు చుట్టాలు

కోనసీమ వెళ్లినవాళ్లు తలెత్తి కొబ్బరిచెట్లు చూస్తారు, తలవంచి పూతరేకులు తింటారు. ఆ రెంటికీ మధ్య, సరిగ్గా కంటి ఎత్తులో ఉన్నవాటిని చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రోజూ పక్షుల తిరునాళ్లే!

ప్రయాణం మొదలుపెట్టాల్సింది పి.గన్నవరంలో. ఇక్కడి గోదావరి పాయ పేరు వైనతేయ. వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. నదికే పక్షిరాజు పేరన్నమాట. దాని మీదుగా కాలువ నీటిని రాజోలు వైపు పొలాలకు దాటించేందుకు 1850ల్లో, కాటన్ దొర హయాంలో, 49 కమానులతో అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. పక్కనే తర్వాతి కాలంలో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినవాళ్లకూ లేదనకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం ఇల్లాలు ఆవిడ.

తెల్లవారి మంచు విడుతున్నప్పుడు అక్విడక్టు దగ్గర నిలబడితే చాలు. ఇటుకరంగు ఒళ్లు, తెల్లటి తల... గరుడపక్షి నది మీద చక్కర్లు కొడుతుంటుంది. పెద్దవాళ్లు దాన్ని చూసి చెంపలేసుకుంటారు. దాని చూపు మాత్రం పైకి తేలే చేప మీదే. నీటికాకులు రెక్కలు విప్పి ఎండలో ఆరబెట్టుకుంటాయి. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద నుంచి బాణంలా నీళ్లలోకి దూకుతుంది.

అమలాపురం దారిలో పొలాల దగ్గరా ఆగాలి. సార్వా కోతలై దాళ్వాకు దమ్ము చేస్తున్న రోజులవి. ట్రాక్టరు వెనకాల తెల్లకొంగలు పెళ్లి ఊరేగింపులా నడుస్తుంటాయి. చక్రాల కింద నుంచి లేచే పురుగుల కోసమే ఆ వరస. వాటి మధ్య బూడిదరంగులో కాస్త పెద్దది కనిపిస్తే ముక్కు గమనించండి. మూసినా మధ్యలో సందు ఉంటుంది. అది నత్తల్ని తినే గుల్లకొంగ.

ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ గడియారం కంటే ఆటుపోట్లే ముఖ్యం. నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడితేనే దూరదేశాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలకు విస్తరి వేసినట్టు. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటే, పొడుగు ముక్కువి లోపలున్న పురుగును లాగుతాయి. ఒకే బురద, ఎవరి వాటా వాళ్లది!

అసలు చూడాల్సిన పిట్ట ఇంకా ముందుంది. మళ్లీ అమలాపురం వచ్చి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వారధి దాటితే యానాం. అక్కడి నుంచి కాకినాడ రోడ్డులో కోరింగ అభయారణ్యం. 1978లో ఏర్పడింది. ఈ మడ అడవుల అవతలి ఇసుక తిన్నెల మీదకి శీతాకాలంలో ఇండియన్ స్కిమ్మర్లు వస్తాయి. నారింజరంగు ముక్కు, అందులో పైదాని కంటే కిందిది పొడుగు. దాన్ని నీళ్లలో ఆనించి, గుడ్డను కత్తెరతో కోసుకుపోయినట్టు ఎగురుతుంది. చంబల్ లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెట్టే ఈ పక్షులు ప్రపంచం మొత్తమ్మీద కొన్ని వేలే మిగిలాయి. 2020లో వీటిని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

వీటికి చెట్టూ అక్కర్లేదు, గూడూ అక్కర్లేదు. కావాల్సింది మనిషి మసలని ఇసుక. దొరకనిదీ అదే. ఫొటో కోసం ఒక్కరు దగ్గరికెళ్లినా, ఒక కుక్క పరుగెత్తినా గుంపంతా లేచిపోతుంది. అలా పదిసార్లు లేస్తే తిన్నదంతా ఎగరడానికే ఖర్చు.

నేల మీద తగాదా వేరే ఉంది. వరి చేలు రొయ్యల చెరువులయ్యాక కొంగలకు నత్తలు పోయాయి. చెరువుల మీద అడ్డంగా దారాలు, గట్ల మీద టపాసుల మోత. రైతును తిట్టడం తేలికే గానీ, లక్షలు పోసి పెంచిన రొయ్యను నీటికాకి ఎత్తుకుపోతుంటే, పక్క చెరువు నుంచి తెగులు మోసుకొస్తుందని భయపడుతుంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

సంక్రాంతికి వెళ్తే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమూ చూడొచ్చు. పక్షుల లెక్కింపు జరిగేదీ జనవరిలోనే. బైనాక్యులర్ తప్పనిసరి, ఎర్రచొక్కా వద్దు. కోరింగలో చెక్క వంతెన మీద నడవొచ్చు. తిన్నెల వైపు పడవలో వెళ్లాలంటే మాత్రం ముందుగా అటవీశాఖవాళ్లను అడగాలి. నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో పడవ సరంగుకే బాగా తెలుసు.