గోదారి ఒడ్డున ఇల్లు అమ్మబడును

“ఇల్లుగా కావాలాండి, కలపగా కావాలాండి?”

వశిష్ఠ ఏటిగట్టు పక్కన ఓ ఊళ్లో, తుప్పు పట్టిన తాళంతో తంటాలు పడుతూ మధ్యవర్తి అడిగిన మొదటి ప్రశ్న ఇది. కోనసీమలో మండువా లోగిలి అమ్మకానికి వస్తే రెండు ధరలు పలుకుతుంది. కాపురానికి కొనేవాళ్లకు ఒకటి, విప్పేసి స్తంభాలూ దూలాలూ గుమ్మాలూ పట్టుకుపోయేవాళ్లకు ఇంకొకటి. ఇలాంటి ఇళ్లకు టేకు ఒకప్పుడు ఏజెన్సీ అడవుల నుంచి గోదారి మీద తెప్పలుగా దిగొచ్చేది. ఇప్పుడదే టేకు లారీలెక్కి హోటళ్లకూ రిసార్టులకూ పోతోంది.

తలుపు తెరుచుకుంది. అరుగు, సావిడి దాటగానే మండువా. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలుతుంది. వాన నడిమి పల్లంలో పడి, తూము గుండా పెరట్లోకి పోతుంది. వెలుతురూ అక్కణ్నుంచే, గాలీ అక్కణ్నుంచే. మే నెలలో కూడా ఫ్యాను అక్కర్లేదన్నాడు మధ్యవర్తి. కోనసీమ ఉక్కపోత ఏ మండువాకీ లొంగదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

వెనక నుయ్యి, గాబు, కొబ్బరిచెట్లు. గట్టెక్కితే గోదారి. బేరానికొచ్చినవాళ్లు మెత్తబడేది ఇక్కడే. డాలస్ నుంచి వీడియో కాల్‌లో చూసేవాళ్లయితే మరీను.

నన్నడిగితే, ముందు గోడ చూడాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి దాదాపు 35 లక్షల క్యూసెక్కులతో వచ్చింది. గట్లు తెగాయి, ఊళ్లు మునిగాయి. అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో ముసలివాళ్లెవరైనా గోడ మీద వేలుపెట్టి చూపిస్తారు. 2022 జూలైలో వరద 25 లక్షలు దాటింది. నది నడిమి లంకలు మళ్లీ మునిగాయి. గట్టుకు ఇవతల ఇల్లు, అవతల లంకలో ఇల్లు ఒకటి కావు. లంకలో కొనేవాళ్లు 17.75 అనే అంకె కంఠతా పెట్టుకోవాలి. ధవళేశ్వరంలో నీటిమట్టం అన్ని అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. పైగా లంకల్లో 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఒకటుంది. కొత్తగా గది వేసే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి.

ఇక కాగితాలు. గ్రామకంఠంలోని ఇంటికి చాలాసార్లు లింకు డాక్యుమెంట్లు ఉండవు. తాతల నాటి పంపకాలు నోటిమాట మీద జరిగి ఉంటాయి. తమ్ముడు రాసిస్తానంటాడు, అన్న ఫోనెత్తడు. ఆడపడుచులను అడిగారా అంటే అందరూ నేల చూస్తారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో పెళ్లైన కూతుళ్లకూ సమాన వాటా ఉంది. వాళ్ల సంతకం లేని దస్తావేజు తర్వాత కోర్టుకెక్కవచ్చు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఇవన్నీ విసుగు పుట్టించే పనులే, కానీ తప్పవు.

కొన్నాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఏటా తొలకరికి ముందే పెంకు సర్దించాలి. ఆ పని చేతనైన మనిషి దొరకడం ఇల్లు దొరకడం కన్నా కష్టం. ఒక్క పెంకు జారితే వాన వాసం మీద పడుతుంది, వాసం నానితే చెద పడుతుంది. ఇంట్లో మనుషులుంటే ఆ చుక్క ఆ రాత్రే కనబడుతుంది. తాళం వేసిన ఇంట్లో మళ్లీ సంక్రాంతికి గానీ కనబడదు. అప్పటికి దూలం పుచ్చిపోయి ఉంటుంది. ఏడాదికి పది రోజులుండే వాళ్లు ఇలాంటి ఇల్లు కొనకపోవడమే మేలు. కొని తీరాలనుకుంటే ముందు ఆ ఊళ్లోనే నమ్మకమైన కుటుంబాన్ని చూసి, ఓ గదిలో కాపురం పెట్టించండి.

మధ్యవర్తులు జనవరిలో రమ్మంటారు. అప్పుడు గోదారి అద్దంలా ఉంటుంది. మీరు జూలై ఆఖర్లో వెళ్లండి. ఎర్రనీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోయే వేళ ఆ ఇంట్లో ఓ రాత్రి పడుకోండి. తెల్లారాక కూడా నచ్చితే బయానా ఇవ్వండి.